దించని వ్యాగన్లు: యుద్ధమొస్తే రైలు సరుకు ఎక్కడ ఆగుతుంది?

మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల రోడ్ల మీద టిక్కీలు (మిర్చి బస్తాలు) నింపుకున్న లారీలు బారులు తీరి ఉంటాయి. ఊళ్లో బయలుదేరి గుంటూరు చేరడానికి పట్టిన టైమ్ కంటే గేటు బయట పడిగాపులు కాసే టైమే ఎక్కువ. లోపలున్న సరుకు కాటా అయి, ముఠా కూలీలు ఎత్తి, కొన్నవాళ్లు తీసుకెళితే తప్ప కొత్త లారీకి చోటు దొరకదు. నిల్వలు మరీ పేరుకుపోతే యార్డుకు సెలవులిచ్చి, సరుకు తేవద్దని రైతులకు చెబుతారు. రోడ్డు బాగానే ఉంది, లారీలున్నాయి, డ్రైవర్లున్నారు. పని ఆగింది దించే చోట.

యుద్ధకాలంలో రైళ్లకు వచ్చే కష్టాల్లో అన్నిటికంటే పెద్దది సరిగ్గా ఇదే. యుద్ధం, రైలు అనగానే కూలిన వంతెన, పేలిపోయిన ఇంజన్ కళ్ల ముందు మెదులుతాయి. అవీ జరుగుతాయి. కానీ సైన్యాలు తిండి లేక, గుళ్లు లేక నిలబడిపోయిన సందర్భాలు తిరగేస్తే చాలాచోట్ల ఒకటే కనిపిస్తుంది. సరుకు రైలెక్కింది, రైలు కదిలింది, చివరి స్టేషన్ దాకా వచ్చింది కూడా. అక్కడ దించే మనుషులు లేక, దించినా మోసుకెళ్లే బండ్లు లేక, వ్యాగన్లలోనే ఉండిపోయింది.

1870లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం మొదలైనప్పుడు ఫ్రెంచి సైన్యానికి మెట్జ్ పెద్ద స్థావరం. దేశం నలుమూలల నుంచి సరుకంతా అక్కడికి తోలారు. ఏ వ్యాగన్‌లో ఏముందో చెప్పే కాగితం సరిగా లేదు. దించడానికి ప్లాట్‌ఫారాలు చాలలేదు. అధికారులు వ్యాగన్లనే గోడౌన్లుగా వాడుకోవడం మొదలుపెట్టారు. స్టేషన్‌లో సరుకు గుట్టలు, బయట శిబిరాల్లో కొరత! యుద్ధం గెలిచిన ప్రష్యా కూడా సరఫరా విషయంలో పెద్దగా గొప్ప చెప్పుకోవడానికి లేదు. సైన్యం ముందుకు దూసుకెళ్లింది, దాని వెనక రైలు మార్గాల మీద వేల టన్నుల సరుకు ఇరుక్కుపోయింది. సైనికులు చాలావరకు దారిలో దొరికిన పంటల మీద, పశువుల మీద బతికారు.

ఈ జబ్బుకు మందు అప్పటికి ఎనిమిదేళ్ల ముందే అమెరికా అంతర్యుద్ధంలో ఒకాయన రాసి పెట్టాడు. ఉత్తరాది సైన్యం రైళ్లను నడిపిన ఇంజనీరు హెర్మన్ హాప్ట్. 1862 ఆగస్టులో వాషింగ్టన్ సమీపంలో స్టర్జిస్ అనే జనరల్ తన దళాలే ముందు వెళ్లాలని పట్టుబట్టి రైళ్లను ఆపేశాడు. ఒక్క అధికారి తొందరపాటుకు లైన్ మొత్తం స్తంభించింది. ఆ నవంబరులో యుద్ధ శాఖ ఒక ఆర్డర్ ఇచ్చింది. డిపోకు చేరిన వ్యాగన్లను పగలైనా రాత్రయినా అప్పటికప్పుడే దించాలి. అందుకు కూలి దళాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఎంత పెద్ద ర్యాంకు అధికారి అయినా రైళ్ల నడకలో జోక్యం చేసుకోకూడదు, చేసుకుంటే కొలువు ఊడుతుంది. సైన్యం, రైల్వే కలిసి పనిచేయడం గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన కాగితం మరొకటి దొరకడం కష్టం.

ఆ ఆర్డర్ అంత కఠినంగా ఎందుకుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక చోట రేకు (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరస) నింపడానికి ఒక రోజు, సరిహద్దుకు ప్రయాణం మూడు రోజులు, దించడానికి ఒక రోజు, ఖాళీగా తిరిగి రావడానికి మూడు రోజులు అనుకుందాం. మొత్తం ఎనిమిది రోజుల చక్రం. రోజుకో రేకు చొప్పున సరుకు అందాలంటే ఎనిమిది రేకులు తిరుగుతూ ఉండాలి. ఇప్పుడు దించడం ఒక రోజులో కాక ఐదు రోజులు పట్టిందంటే అదే సరుకుకు పన్నెండు రేకులు కావాలి. అదనంగా వేసిన నాలుగు రేకులు ఒక్క బస్తా కూడా ఎక్కువ మోయవు, నిలబడి ఉండటానికే సరిపోతాయి. మామూలు రోజుల్లో గూడ్స్ షెడ్డులో టైమ్ దాటితే డెమరేజ్ అనే జరిమానా కట్టించుకునేది ఇందుకే. యుద్ధంలో అడ్డగోలుగా దాటిపోతారు, డెమరేజ్ ఎవరు ఎవరికి కట్టాలి? సరిహద్దులో ఉన్న కమాండర్‌కు నిండు వ్యాగన్ కళ్ల ముందు ఉంటే ధైర్యం. అది ఖాళీ అయి వెనక్కి వెళితేనే రేపటి సరుకు వస్తుందన్న మాట ఆ టెన్షన్‌లో తలకెక్కదు.

పైగా ఆగిన రేకు తన చోట తాను ఆగి ఊరుకోదు. సరుకు దించే సైడింగ్‌లో రెండు రేకులు పడతాయనుకుంటే మూడోది ఆ స్టేషన్ లూప్ లైన్‌లో (మెయిన్ లైన్ పక్కన బళ్లు ఆగే లైన్) నిలబడాలి. నాలుగోది వెనక స్టేషన్ లూప్‌లో. ఐదోది ఇంకా వెనక. అలా లూపులన్నీ నిండాక, ఎదురు నుంచి ఖాళీ రేకు రావడానికి కూడా దారి ఉండదు. దించేసిన వ్యాగన్లు సైతం అక్కడే చిక్కుకుపోతాయి. విజయవాడను మనసులో పెట్టుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాజీపేట నుంచి, విశాఖ నుంచి, గూడూరు నుంచి, గుంటూరు నుంచి లైన్లు వచ్చి కలిసేది ఇక్కడే. ఒక పక్క కొండపల్లి, రాయనపాడు, ఇంకో పక్క కృష్ణా కెనాల్ జంక్షన్ లూపులు నిండితే, మద్రాసు వైపు పోయేదైనా ఢిల్లీ వైపు పోయేదైనా కదలదు. జంక్షన్ పెద్దదైన కొద్దీ దాని గొంతు పట్టుకోవడం సులువు.

ఇక సింగిల్ లైన్ అయితే కష్టం రెట్టింపు. ఎదురెదురు బళ్లు క్రాసింగ్ స్టేషన్‌లోనే ఒకదానికొకటి తప్పుకోవాలి. అలాంటి ఒకే ఒక్క లైన్ మీద ఒక పెద్ద యుద్ధం గెలిచిన ఉదాహరణ 1864లో జనరల్ షెర్మన్ అట్లాంటా దండయాత్ర. లూయీవిల్ నుంచి నాష్‌విల్, చటనూగా మీదుగా అట్లాంటాకు 473 మైళ్లు. లక్ష మంది సైనికులు, 35,000 పశువులు 196 రోజులు ఆ దారి మీద ఆధారపడ్డారు. అదే సరుకు గుర్రపు దారుల్లో తేవాలంటే ఒక్కోదానికి ఆరేసి కంచర గాడిదలు కట్టిన 36,800 బండ్లు కావాల్సి వచ్చేవని షెర్మన్ తర్వాత లెక్క కట్టాడు. అన్ని గాడిదలకు మేత ఎవరు మోస్తారు? పశువుల బండిలో ఉన్న చిక్కంతా అదే: దూరం పెరిగే కొద్దీ బండి తన పశువు మేతనే మోసుకోవాలి. రైలు ఆ ముడి విప్పింది.

షెర్మన్ నెగ్గుకొచ్చింది దాడులు లేక కాదు. శత్రు గుర్రపు దళాలు పట్టాలు పీకుతూనే ఉన్నాయి. ఆయన వంతెనల దగ్గర కాపలా కోటలు కట్టించాడు. రిపేరు దళాలను సరంజామాతో సహా లైన్ పొడవునా సిద్ధంగా పెట్టాడు. చటహూచీ నది మీద 780 అడుగుల పొడవు, 92 అడుగుల ఎత్తు ఉన్న వంతెనను ఆ దళాలు నాలుగున్నర రోజుల్లో తిరిగి లేపాయి. రైలు మార్గం తెగడం ఎలాగూ తప్పదు, ఎంత త్వరగా అతుకుతారన్నదే అసలు సంగతి.

ఈ మాట విజయవాడ వాళ్లకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సింది కాదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే సమయంలో బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ నీట మునిగింది. కొన్ని మీటర్ల కట్ట కోసుకుపోతే ఉత్తర దక్షిణ భారతాలను కలిపే దారి మూతపడి, వందల రైళ్లు రద్దయ్యాయి. కొన్నిటిని గుంటూరు, నడికుడి, పగిడిపల్లి మీదుగా మళ్లించారు. అది మొదటి నుంచి సింగిల్ లైన్‌గా పెరిగిన మార్గం, డబ్లింగ్ ఇప్పటికి మొదలైంది. డబుల్ లైన్ మోసే బరువును సింగిల్ లైన్ మీదికి తిప్పితే ఎంత పడుతుందో ఆ నాలుగు రోజుల్లో అందరూ చూశారు. రాత్రింబవళ్లు వానలోనే పనిచేసి లైన్‌ను అతికిన గ్యాంగ్‌మన్లకు, ఇంజనీర్లకు చెప్పిన కృతజ్ఞతలు ఏ మాత్రం చాలవు. నడికుడి లైన్ డబ్లింగ్‌ను టైమ్‌టేబుల్ సౌకర్యంగా మాత్రమే చూస్తే పొరపాటు, ఆపద వేళ అదే రెండో ఊపిరి.

నదులు ఈ ప్రాంతానికి మొదటి నుంచీ పరీక్షే. బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన 1893లో వచ్చింది. గోదావరి మీద రాజమండ్రి వంతెన మాత్రం 1900లో గానీ తెరుచుకోలేదు. ఆ ఏడేళ్లూ తూర్పు తీరం లైన్ అటూ ఇటూ ఉంది, మధ్యలో నది దగ్గర దిగి దాటాల్సిందే. రష్యాకు ఇలాంటి ఖాళీ యుద్ధం మధ్యలో ఎదురైంది. 1904లో జపాన్‌తో యుద్ధం మొదలయ్యేనాటికి సైబీరియా రైలు మార్గం బైకాల్ సరస్సు దగ్గర తెగి ఉంది. చలికాలం ఓడ నడవదు. గడ్డకట్టిన సరస్సు మీదే పట్టాలు పరిచి, బరువైన ఇంజన్లు మంచును పగలగొడతాయని వ్యాగన్లను గుర్రాలతో లాగించారు. సరస్సు చుట్టూ లైన్ పూర్తయ్యేసరికి యుద్ధం సగంలోకి వచ్చేసింది.

బాంబులతో వంతెనను నేలకూల్చడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఉత్తర వియత్నాంలో థాన్ హోవా దగ్గరి హామ్ రాంగ్ వంతెన మీద అమెరికా విమానాలు 1965 నుంచి దాడి చేస్తూ వచ్చాయి. లేజర్ బాంబులు వచ్చాక, 1972లో గానీ అది పడలేదు. వంతెన కంటే యార్డును కొడితే దెబ్బ గట్టిగా తగులుతుందని 1944లో నార్మండీ దాడికి ముందు మిత్రరాజ్యాలు ఫ్రాన్స్‌లో మార్షలింగ్ యార్డుల (వ్యాగన్లను విడదీసి బళ్లుగా కూర్చే చోట్లు) మీద విరుచుకుపడ్డాయి. ఇంజన్లు, వ్యాగన్లు, బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు తిప్పే పాయింట్లు, రిపేరు షెడ్లు ఒకేచోట దొరికేది అక్కడే. కరెంటు లైన్ల కాలంలో ఇంకో బలహీనత తోడైంది. 2022 ఏప్రిల్ 25న రష్యా ఒక్క గంటలో ఉక్రెయిన్‌లో ఐదు రైల్వే కేంద్రాల మీద క్షిపణులు వేసింది. కరెంటు సరఫరా చేసే సబ్‌స్టేషన్లే గురి. డీజిల్ ఇంజన్లు చేతిలో ఉండబట్టి ఉక్రెయిన్ బళ్లు ఆగలేదు. దాదాపు అన్ని లైన్లనూ కరెంటుకు మార్చిన మన దేశం కొన్ని డీజిల్ ఇంజన్లను నూనె పెట్టి సిద్ధంగా ఉంచుకోవడం దండగ ఖర్చు అనిపించినా మానకూడదు.

గేజ్ సంగతి గుంటూరు పెద్దవాళ్లకు బాగా తెలుసు. గుంతకల్లు వైపు లైన్ 1990ల దాకా మీటర్ గేజే. పట్టాల మధ్య ఒక మీటరు, బ్రాడ్ గేజ్‌లో 1676 మిల్లీమీటర్లు. గేజ్ మారిన చోట ప్రతి బస్తా ఒక వ్యాగన్ నుంచి దిగి ఇంకో వ్యాగన్ ఎక్కాలి. అంటే దించే కష్టం గమ్యంలోనే కాదు, దారి మధ్యలో కూడా వచ్చి పడుతుంది. అదీ ఒకటికి ఒకటి సరిపోదు, మీటర్ గేజ్ వ్యాగన్ చిన్నది.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దుకు సరుకు పంపిన దారి ఈ చిక్కుకు పెద్ద ఉదాహరణ. కలకత్తా నుంచి పార్వతీపూర్ దాకా బ్రాడ్ గేజ్. అక్కడ అంతా దించి మీటర్ గేజ్ వ్యాగన్లకు ఎత్తాలి. పెట్రోలు పీపాలు, గుళ్ల పెట్టెలు, పప్పు బస్తాలు, అన్నీ మనుషుల భుజాల మీదే. తర్వాత బ్రహ్మపుత్ర అడ్డం. వంతెన లేదు. వ్యాగన్లను బల్లకట్టు లాంటి పడవల మీదికి తోసి ఆవలి ఒడ్డుకు చేర్చి, మళ్లీ ఇంజన్ కట్టి దిమాపూర్‌కు, లీడోకు పంపాలి. తేయాకు తోటల కోసం వేసిన ఆ లైన్ మామూలు రోజుల్లో రోజుకు 600 టన్నులు మోసేది. 1944 మార్చిలో కటిహార్ నుంచి లీడో దాకా 804 మైళ్లను అమెరికా సైనిక రైల్వే దళాలకు అప్పగించారు. ఆ అక్టోబరు నాటికి రోజుకు 4,400 టన్నులు. వాళ్లు మంత్రమేమీ వేయలేదు. పొడవైన బళ్లు నడిపారు, క్రాసింగ్ లూపులు పెంచారు, ఫెర్రీ దగ్గర వ్యాగన్ ఆగే టైమ్ తగ్గించారు. పెట్రోలుకు గొట్టాలు వేయడంతో ఆ పీపాల బరువు కూడా పట్టాల మీద నుంచి తొలగింది.

1941లో రష్యాలోకి దిగిన జర్మన్లకు గేజ్ తేడా పది సెంటీమీటర్ల లోపే. పట్టా జరిపి మేకు కొడితే చాలనుకున్నారు. పట్టాలైతే జరిగాయి. కానీ రష్యాలో నీళ్ల స్టేషన్లు దూరదూరంగా ఉండేవి, జర్మన్ ఇంజన్లు అంతదూరం నీళ్లు మోయలేవు. చలికాలం రాగానే బయట బిగించిన గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. మాస్కో ముందు చలికోట్లు లేక సైనికులు వణికిపోయిన కథ అందరికీ తెలుసు. ఆ చలిబట్టలు చాలావరకు వెనక పోలండ్‌లో రైలు దొరక్క పడి ఉన్నాయి. ఉన్న కొద్ది బళ్లలో గుళ్లు ముందా, కోట్లు ముందా అన్న ప్రశ్నకు గుళ్లే ముందన్నారు.

ఇలాంటి ఎంపికలో బలయ్యేది ఎక్కువగా మామూలు జనమే. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది, బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అప్పటిదాకా కలకత్తా నుంచి దక్షిణాదికి బొగ్గు చాలావరకు ఓడల్లో వచ్చేది. బంగాళాఖాతంలో ఓడ కదలలేని పరిస్థితి రావడంతో ఆ బరువంతా పట్టాల మీద పడింది. సరిగ్గా అప్పుడే ఈ దేశపు ఇంజన్లను, వ్యాగన్లను, పీకిన పట్టాలను పశ్చిమాసియా యుద్ధరంగానికి ఓడల్లో ఎక్కించారు. మోయాల్సింది పెరిగింది, మోసేవి తగ్గాయి. కృష్ణా డెల్టాలో వడ్లు పండినా అవి కావాల్సిన చోటికి చేరడానికి వ్యాగన్ దొరకాలి, వ్యాగన్ మీద మొదటి హక్కు సైన్యానిది. 1943 బెంగాల్ కరువు వెనక ఉన్న అనేక కారణాల్లో ఈ రవాణా పీటముడి కూడా ఒకటి.

ఆ ఏడాదే, 1942 ఆగస్టు 12న, తెనాలిలో క్విట్ ఇండియా ఉద్యమకారులు రైల్వే స్టేషన్ మీదికి వెళ్లి నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు వదిలారు. తెనాలి రణరంగ చౌక్‌లో ఆ ఏడుగురి స్మారకం ఇప్పటికీ ఉంది. వాళ్లు స్టేషన్‌ను ఎంచుకోవడం వెనక ఆవేశం ఒక్కటే లేదు. మద్రాసును కలకత్తాతో, ఢిల్లీతో కలిపే లైన్ అది. బ్రిటిష్ వాళ్ల యుద్ధం ఆ పట్టాల మీదే నడుస్తోందని ఊళ్లో అందరికీ తెలుసు.

ఇక ఈనాటి సంగతి. చెన్నై పక్కన ఆవడిలో ట్యాంకులు తయారవుతాయి. అక్కడి నుంచి ఉత్తరాదికి పోయే దారుల్లో విజయవాడ ఒకటి. బల్లపరుపు వ్యాగన్ల మీద టార్పాలిన్ కప్పిన ట్యాంకులతో మిలిటరీ స్పెషల్ పోతుంటే ప్లాట్‌ఫారం మీద పిల్లలు చేతులు ఊపుతారు. ఆ బండిని నింపడం ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పనో చూసినవాళ్లకే తెలుస్తుంది. రేకు చివర ర్యాంప్. ట్యాంకు ర్యాంప్ ఎక్కి మొదటి వ్యాగన్ మీదికి, దాని మీద నుంచి రెండో దాని మీదికి, అలా ఒక్కో వ్యాగన్ దాటుకుంటూ చిట్టచివరి దాకా నడవాలి. లోపలున్న డ్రైవర్‌కు కింద అంచు కనపడదు. ముందు ఒక మనిషి వెనక్కి వెనక్కి నడుస్తూ చేతి సైగలు చేస్తుంటాడు, డ్రైవర్ కళ్లు ఆ రెండు చేతుల మీదే. ట్యాంకు గొలుసు రెండు పక్కలా వ్యాగన్ అంచు దాటి బయటికి ఉంటుంది. నాలుగు వేళ్ల మేర అటో ఇటో జరిగితే 40 టన్నులు పక్కకు ఒరుగుతాయి. చోటుకు చేరాక చక్రాల కింద చెక్క దిమ్మలు కొట్టి, ఇనప గొలుసులతో నాలుగు మూలలా బిగిస్తారు. తర్వాత ఇంకో ట్యాంకు, మళ్లీ మొదటి నుంచి.

బయటికి పొడుచుకొచ్చే ఆ అంచే దారి పొడవునా తలనొప్పి. బ్రాడ్ గేజ్ వ్యాగన్ వెడల్పు పరిమితి దాదాపు 3.25 మీటర్లు, పెద్ద ట్యాంకుల వెడల్పు మూడున్నర మీటర్లు దాటుతుంది. రైల్వే భాషలో ఇది ఓడీసీ, కొలత మించిన సరుకు. ప్లాట్‌ఫారం అంచులు, సిగ్నల్ స్తంభాలు, వంతెన కమ్మీలు తగలకుండా ముందే దారి లెక్క వేయాలి, వేగం తగ్గించాలి, పక్క లైన్‌లో అలాంటిదే ఇంకొకటి ఎదురు రాకుండా చూడాలి. వెనక వచ్చే బళ్లన్నీ దాని వేగానికే నడవాలి. గమ్యంలో ర్యాంప్ రేకుకు అవతలి చివర ఉందనుకోండి, ఎక్కిన ట్యాంకులు వచ్చిన ముఖంతోనే దిగిపోతాయి. ఇవతలి చివర ఉంటే అన్నీ రివర్స్‌లో దిగాలి, లేదా రేకునే తిప్పాలి. రాత్రిపూట, లైట్లు వేయకూడని చోట, ఆ పని ఎన్ని గంటలవుతుందో ఊహించుకోవచ్చు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత మన సైన్యం సరిహద్దుకు పూర్తిగా చేరడానికి సుమారు మూడు వారాలు పట్టింది. సైన్యం తన ఆలోచనా విధానాన్నే మార్చుకోవడానికి ఆ మూడు వారాలు ఒక పెద్ద కారణం.

ఇదే బల్లపరుపు వ్యాగన్లు 2021 ఏప్రిల్‌లో వేరే యుద్ధానికి పనికొచ్చాయి. కోవిడ్ రెండో దశలో ముంబై పక్క కలంబోలి నుంచి ఖాళీ ఆక్సిజన్ లారీలను వాటి మీదికెక్కించి విశాఖ ఉక్కు కర్మాగారానికి పంపారు. కరెంటు తీగకు, సొరంగాలకు తగలకూడదు కాబట్టి 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న లారీలనే ఎంచుకున్నారు. లారీతో సహా ఎక్కించడంలో ఉన్న తెలివి అదే, గమ్యంలో దించే కష్టం లేదు. లారీ తానే దిగి ఆస్పత్రికి పోతుంది.

గుంటూరు నుంచి 2020 జులైలో బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లిన మిర్చి రైలు కూడా ఈ వరసలో చెప్పుకోవాల్సిందే. రోడ్లు మూతపడిన కాలం. పూర్తి గూడ్స్ రేకు నింపేంత సరుకు ఒక్కసారి పోగవదు. రెడ్డిపాలెం నుంచి 16 పార్సిల్ వ్యాన్లలో 384 టన్నులు పంపారు. ఎంత సరుకు దించగలరో అంతే సైజు బండి వేయడం అన్న సూత్రాన్ని గుంటూరు రైల్వే సిబ్బంది, వ్యాపారులు కలిసి కనిపెట్టుకున్నారు. సైన్యాలు వందేళ్లు తంటాలు పడి నేర్చుకున్న పాఠం అది.

విజయవాడ పక్కన గుంటుపల్లిలో వ్యాగన్ వర్క్‌షాప్ ఉంది. అక్కడ బాగుచేసిన ప్రతి వ్యాగన్ దేశంలో ఎక్కడో తిరగాల్సిన చక్రంలో ఒక పన్ను. యుద్ధమొస్తే ఇలాంటి షెడ్ల మీద, లోకో పైలట్ల మీద, పాయింట్స్‌మన్ల మీద, కంట్రోలర్ల మీద పడే భారం సైనికుడి భారానికి దగ్గరగానే ఉంటుంది. వాళ్లకు తుపాకీ ఉండదు, ట్రెంచ్ ఉండదు. 1965 సెప్టెంబరు 9న రాజస్థాన్‌లో బాడ్‌మేర్ దాటి గడ్రా రోడ్ దగ్గర, సరిహద్దుకు సరుకు చేరవేసే పనిలో ఉన్న 17 మంది రైల్వే ఉద్యోగులు పాకిస్తాన్ విమానాల బాంబులకు చనిపోయారు. ఏటా అదే తేదీన రైల్వే వాళ్లు అక్కడి స్మారకం దగ్గర చేరి పూలు పెడతారు.